కాలు జారలేదు

మన దినపత్రికల్లో ఏడాది పొడుగునా మారకుండా నిలిచే వాక్యం ఒకటున్నది: "నిర్మాణంలో ఉన్న భవనం పైనుంచి ప్రమాదవశాత్తు కాలుజారి పడి కూలీ మృతి." ఊరు మారుతుంది, అంతస్తు మారుతుంది, చనిపోయినవాని వయస్సు మారుతుంది, వాక్యం మారదు. వ్యాకరణం తెలిసినవారు ఎవరైనా దీన్ని ఒక్కసారి విప్పి చూడాలని నా మనవి. జారడం, పడడం, చావడం అనే మూడు పనులకూ కర్త కూలీయే. కట్టించేవాడు ఈ వాక్యంలో ఎక్కడా లేడు. కట్టే కాంట్రాక్టరు లేడు. అంచున ఉండవలసిన అడ్డకట్టు లేదు, కింద ఉండవలసిన వల లేదు. అవి నేల మీదా లేవు, వాక్యంలోనూ లేవు. 'ప్రమాదవశాత్తు' అన్న మాట 'విధివశాత్తు' అన్నదానికి తోడబుట్టినది. ఆ మాట వచ్చిందంటే విచారణ ముగిసిందన్నమాట.

ఇది పత్రికా విలేఖరి ఒక్కడి తప్పని నేను అనను. పోలీసు స్టేషన్లో మొదట వ్రాసే కాగితంలోనే ఆ మాట ఉంటుంది, విలేఖరి దాన్ని ఎత్తి వ్రాస్తాడు. పోలీసులకు ఆ మాట చెప్పేది పనిస్థలంలోని సూపర్వైజరు. అంటే ఆ మరణానికి జవాబు చెప్పవలసినవాడే ఆ మరణానికి మొదటి గ్రంథకర్త. మనం మర్నాడు పొద్దున కాఫీ త్రాగుతూ చదివేది అతని రచన.

కాలు జారదని ఎవరన్నారు? మనిషన్న తరువాత జారుతుంది. ఎండకు కళ్లు తిరుగుతాయి, రాత్రి నిద్ర చాలకపోతే అడుగు తడబడుతుంది, తడిసిన చెక్క మీద పాదం నిలవదు. తాను నిలబడ్డ చోట ఇవి జరగవని పూచీపడి ఏ మనిషీ పుట్టలేదు. అసలు భద్రతాశాస్త్రమనేది మొదలయ్యేదే ఇక్కడ: కాలు జారుతుంది కాబట్టి నడుమెత్తు అడ్డకట్టు వేయాలి, అది ఆపకపోతే వల ఆపాలి, పైన గట్టి దూలానికి కట్టిన తాడు ఒంటికి ఉండాలి. ఈ మూడూ ఉన్నచోట కాలుజారినవాడు తిట్టుకొంటూ లేచి మళ్లీ పనిలోకి పోతాడు. మూడూ లేనిచోట చస్తాడు. పది మీటర్ల ఎత్తునుంచి, అంటే సుమారు మూడంతస్తుల మీదనుంచి పడే మనిషి నేలకు చేరడానికి సెకనున్నర కూడా పట్టదు. చేరేసరికి అతని వేగం గంటకు యాభై కిలోమీటర్లుంటుంది. ఆ సెకనున్నరలో అతడు చేయగలిగినదేమీ లేదు. చేయవలసినదంతా అంతకు ముందు, నేలమీద, లెక్కల పుస్తకం ముందు కూర్చున్నవాడు చేయాలి. కాబట్టి నేను అనేదేమంటే, చావుకు కారణం జారిన కాలు కాదు, కొనని వల.

ఈ ఉల్లంఘనలు ఎంత మామూలైపోయినవో చూడాలంటే ఏ ఊళ్లోనైనా నాలుగు వీధులు నడిస్తే చాలును. సరుగుడు బాదులను కొబ్బరితాళ్లతో కట్టిన పరంజా మీద ఒకే పలక. ఆ పలక రెండు కొసలూ దేనికీ కట్టి ఉండవు. నడుముకు బెల్టు ఉంటుంది. దాని కొక్కెం గాలిలో వేలాడుతూ ఉంటుంది, తగిలించడానికి పైన ఏమీ లేదు కనుక. ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడంటే బెల్టులు బయటికి వస్తాయి. లిఫ్టు కోసం వదిలిన గుంత నోరు తెరచుకొని ఉంటుంది, అడ్డంగా ఒక కర్ర కూడా ఉండదు. ప్లగ్గులేని వైర్లను పుల్లలతో సాకెట్టులోకి గుచ్చి, ఆ వైర్లను నీళ్లలోంచి లాక్కొనిపోయి యంత్రం నడుపుతారు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పక్కదారి పట్టగానే సరఫరా తెంపివేసే చిన్న పెట్టె ఒకటున్నది, బస్తీలో ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతుంది. ఆ కాస్త ఖర్చు కూడా అంచనాలో ఉండదు.

సెల్లారు గోతుల సంగతి వేరే చెప్పాలి. ఒకటిన్నర మీటరు దాటిన గోతికి పక్కలు పోటుపెట్టి నిలపాలని, తవ్విన మట్టిని అంచునుంచి దూరంగా పోయాలని ఇంజనీరింగు విద్యార్థికి పాఠంలోనే చెపుతారు. మన నగరాల్లో నలభై అడుగుల గోతిని పక్కింటి గోడ వారగా నిట్టనిలువుగా తవ్వి, ఆ మట్టినే అంచున గుట్ట పోసి, దాని పక్కగా లారీలు నడుపుతారు. ఘనమీటరు మట్టి టన్నున్నర పైమాటే. అది రొమ్ముదాకా కప్పితే తల బయట ఉన్నా మనిషి బ్రతకడు. ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకాస్త బిగుస్తుంది, మళ్లీ పీల్చుకొనే చోటు ఉండదు. మొదటి వాన పడ్డ రాత్రి ఆ గోతి అడుగున రేకుల పాకలో నిద్రపోతున్న కుటుంబాలను తలచుకొంటే, 'ప్రకృతి వైపరీత్యం' అన్న మాట ఎంత నీచంగా వాడబడుతున్నదో తెలుస్తుంది.

వీటన్నిటికంటె నాకు ఎక్కువ కోపం తెప్పించేది శ్లాబు కింద పోట్ల సంగతి. కాంక్రీటు పోసిన నాడే రాయి కాదు. అది గట్టిపడడానికి దినాలు పడుతుంది, ఆ దినాల లెక్క భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 456లో అచ్చువేసి ఉన్నది: నాలుగున్నర మీటర్ల నిడివి వరకు శ్లాబు కింద పోట్లు 7 దినాలుండాలి, అంతకు మించితే 14, ఆరు మీటర్లు దాటిన దూలానికి 21. ఇందులో తెలియనిదేమీ లేదు, కొనవలసినదేమీ లేదు. కావలసినది కాలం ఒక్కటే. కాని ఆ పోట్లూ రేకులూ అద్దె సరుకు, రోజుకింత అద్దె. పై అంతస్తుకు అవే కావాలి. అందుచేత అయిదో నాడు విప్పుతారు. సెంట్రింగు విప్పేవాడు ఆ శ్లాబు కిందనే నిలబడి విప్పాలి. ఒక పక్క పోట్ల అద్దె, ఇంకొక పక్క మనిషి ప్రాణం తూకానికి వచ్చినప్పుడు, తక్కెడ ఎటు మొగ్గుతున్నదో ఏ అర్థశాస్త్ర గ్రంథమూ ఇంత స్పష్టంగా చెప్పదు.

ఇక్కడ ఇంజనీరింగు చదివిన మిత్రుడొకడు నన్ను ఆపి, "అంతా నిజమే, కాని మన కూలీలకు జ్ఞానం తక్కువ. హెల్మెట్లు ఇచ్చినా పెట్టుకోరు. ముందు వాళ్లను చైతన్యవంతులను చెయ్యాలి" అన్నాడు. ఈ సిద్ధాంతం అతనొక్కడిది కాదు. 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఏటా ఆ తేదీ వచ్చేసరికి గోడలనిండా రంగురంగుల బొమ్మలు వెలుస్తాయి. బొమ్మలో కూలీ నవ్వుతూ పసుపుపచ్చ టోపీ పెట్టుకొని ఉంటాడు. నీ ప్రాణం నీ చేతుల్లోనే ఉన్నదని కింద వ్రాసి ఉంటుంది. కూలీ చేతుల్లో ఉన్నది ప్రాణం కాదు, తట్ట. అసలు చేతుల్లో కూడా కాదు, తలమీద.

ఈ విషయం నాకు విజయనగరం వైపునుంచి వచ్చిన ఒక ముసలామె తేల్చి చెప్పింది. నెత్తిన చుట్టకుదురు, దానిమీద కాంక్రీటు నింపిన బొచ్చె, మెట్లమీద పైకీ కిందికీ రోజంతా అదే పని. టోపీ పెట్టుకోవేమమ్మా అని అడిగాను. "టోపీ ఎట్టుకుంతే బొచ్చె ఎక్కడెట్టుకోమంతావు బాబూ?" అన్నది. ఆమె పరిహాసానికి అనలేదు, నిజంగానే అడిగింది. ఏ తలకు టోపీ పెట్టాలో ఆ తలనే సామాను మోసే సాధనంగా వాడుకొంటున్న పని విధానంలో టోపీని గురించి ఉపన్యాసాలిస్తే జ్ఞానం తక్కువైనది ఎవరికి? బరువును కప్పీ మీదో లిఫ్టు మీదో ఎత్తితే ఆ తల ఖాళీ అవుతుంది. కాని ఆడకూలీ తల కప్పీకంటె చౌక. ఆమెకు మగకూలీకంటె తక్కువ ఇస్తున్నారు కనుక మరీ చౌక. యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట పిల్లలకు శిశుగృహం ఉండాలని 1996 నాటి చట్టం చెప్పింది. ఆ ముసలామె మనుమరాలు మాత్రం రెండు పరంజా బాదుల నడుమ కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతున్నది, పైన ఇటుకలు అందిస్తున్నారు.

జ్ఞానం తక్కువన్న వాదానికి తమ్ముడు ఇంకొకటున్నది: "తాగి ఎక్కాడు." ఇది వినగానే మనలో అభ్యుదయవాదులు కూడా కొందరు నిట్టూర్చి ఊరకుంటారు. వారు దయచేసి చట్టం చదవాలి. 1923 నాటి నష్టపరిహార చట్టంలో, త్రాగి ఉండడం వల్ల గాయపడ్డాడని యజమాని తప్పించుకోవడానికి ఒక వీలున్నది. కాని కార్మికుడు మరణించినప్పుడుగాని, శాశ్వతంగా పూర్తి అశక్తుడైనప్పుడుగాని ఆ వీలు పనికిరాదు. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడు కూడా ఆ మాటే నిలుపుకొన్నది. అంటే త్రాగినవాడు చనిపోయినా పరిహారం చెల్లించవలసిందే. ఇది కాంట్రాక్టరు వకీలుకు తెలుసు. చనిపోయినవాని భార్యకు తెలియదు. ఆమెకు తెలియకపోవడం మీదనే ఆస్పత్రి శవాగారం ముందు చేతిలో కాసిని నోట్లు పెట్టి వేలిముద్ర వేయించుకొనే వ్యాపారమంతా నడుస్తున్నది.

పడడం, కూలడం ఒకదానికొకటి సంబంధం లేనివని అనుకోరాదు. 2014 జూన్ 28 సాయంకాలం చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనుంచి పనికి పోయినవారు. మొదట వినిపించిన మాట ఏమిటి? పిడుగు పడిందట! ఆకాశంమీదికి నెట్టివేస్తే భూమిమీద ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు. కాని దాని పక్కనే, అదే స్థలంలో లేచిన రెండవ భవనం మీద ఏ పిడుగూ పడలేదు. అది కూడా నిలవదని తేలి 2016 నవంబరులో పేల్చి పడగొట్టవలసి వచ్చింది. ఆ తరువాతి నెలలోనే, డిసెంబరు 8 రాత్రి, హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో అనుమతి లేకుండా లేపుతున్న ఏడంతస్తుల కట్టడం కూలి 11 మంది పోయారు. కట్టేవాళ్లు ఆ కట్టడంలోనే కాపురముంటున్నారు. మళ్లీ అందులో విజయనగరం మనుషులే. ఒక జిల్లా ప్రజల చిరునామా శిథిలాల కింద దొరకడం ఎందువల్లనో చెప్పడానికి భూకంప శాస్త్రం అక్కరలేదు. ఆ జిల్లాలో భూమి ఎవరి చేతిలో ఉన్నదో, నీరు ఎంత పారుతున్నదో చూస్తే చాలును.

కాగితం మీద అన్నీ ఉంటాయి సుమండీ. ఉత్తరాఖండ్‌లో సిల్క్యారా సొరంగాన్ని 2018లో కేంద్ర మంత్రివర్గ సంఘం మంజూరు చేసినప్పుడు ఆ పథకం పేరులోనే 'తప్పించుకొనే మార్గంతో కూడిన' అని ఉన్నది. 2023 నవంబరు 12న పైకప్పు కూలి 41 మంది లోపల చిక్కుకొన్ననాడు ఆ మార్గం లేదు. పదిహేడు దినాలకు వారిని బయటికి తెచ్చినది ఎవరు? పెద్ద యంత్రం విరిగిపోయిన తరువాత, చేతులతో ఎలుక బొరియల్లా తవ్వే కూలీలు. ఆ పద్ధతిలో బొగ్గు తవ్వడం ప్రాణాంతకమని హరిత న్యాయస్థానం 2014లో నిషేధించి ఉన్నది. దేశమంతా వారికి చప్పట్లు కొట్టింది. 2025 ఫిబ్రవరి 22న మన శ్రీశైలం ఎడమగట్టు సొరంగంలో ఎనిమిది మంది చిక్కుకొన్నప్పుడు అటువంటి అద్భుతం కూడా జరగలేదు. రెండు నెలలు వెదికితే ఇద్దరి దేహాలు దొరికాయి.

చట్టం లేదా అంటే, ఉన్నది. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది, నియమాలు 1998లో వచ్చాయి. భద్రతా నియమం ఉల్లంఘించినవానికి గరిష్ఠ శిక్ష మూడు నెలల జైలు, లేదా రెండు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఉల్లంఘన కొనసాగితే రోజుకు నూరు రూపాయలు. ఆ 'లేదా'లో ఉన్నది కీలకమంతా. ఒంటినిండా కట్టుకొనే మంచి పట్టీ ఒక్కటి కొనాలన్నా ఇంచుమించు అంత ధర అవుతుంది. ఇరవై తొమ్మిది సంవత్సరాలపాటు మన రాజ్యం బిల్డరుకు చెప్పినదేమంటే, నూరుమందికి నూరు పట్టీలు కొనడంకంటె పట్టుబడితే ఒక పట్టీ ఖరీదు కట్టడం లాభమని. లాభం తెలిసినవాడు కనుక అతడు విన్నాడు. నిర్మాణ వ్యయంలో నూటికి ఒక వంతు సెస్సుగా వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి ఖర్చుపెట్టాలన్న ఏర్పాటు సంగతి ఇంకా ఘోరం; వేలకోట్లు మూలుగుతుండగా కార్మికునికి అందినది నామమాత్రమని 2018 మార్చిలో సుప్రీంకోర్టే మందలించవలసి వచ్చింది.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడులో కలిసిపోయింది. న్యాయం చెప్పాలి కనుక చెపుతున్నాను: ఉల్లంఘన వల్ల మరణం సంభవిస్తే రెండేళ్లదాకా జైలుగాని, అయిదు లక్షలకు తగ్గని జరిమానాగాని, రెండూగాని విధించవచ్చు, అందులో సగానికి తగ్గకుండా బాధితుల కుటుంబానికి ఇప్పించవచ్చు. రెండు వేలతో పోల్చితే ఇది మేలే. కాని ఉల్లంఘనను పట్టుకొనేదెవరు? ఇన్‌స్పెక్టరు అన్న పేరు పక్కన 'ఫెసిలిటేటరు' అని తగిలించారు, అంటే యజమానికి సదుపాయాలు సమకూర్చేవాడు. ఏ స్థలాన్ని తనిఖీ చేయాలో యంత్రం చీటీ తీసి చెపుతుంది. కాంట్రాక్టరుకు లైసెన్సు అక్కరలేని హద్దును ఇరవైమంది నుంచి యాభైమందికి పెంచారు. ఇక ఒక్క స్థలంలో అయిదారుగురు గుంపుమేస్త్రీల పేర ఒక్కొక్కరికి నలభై తొమ్మిదిమందిని చూపిస్తే అడ్డేమున్నది? ప్రాణాపాయం ఉన్నదని అనుమానం కలిగితే కార్మికుడు ఆ సంగతి యజమానికీ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేయవచ్చునని కోడు సెలవిస్తున్నది. పాలమూరునుంచి ఆరునెలల కూలి ముందుగానే అడ్వాన్సు తీసుకొని వచ్చినవాడు, పరంజా బాగులేదని మేస్త్రీకి తెలియజేసి ఆ సాయంకాలం ఎక్కడ తింటాడో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

'భద్రత ఖర్చుతో కూడినది, పరిశ్రమ తట్టుకోలేదు' అన్న వాదం కొత్తది కాదు. 1855లో మాంచెస్టరు మిల్లు యజమానులు యంత్రాలకు కంచెలు వేయమన్న చట్టాన్ని ఎదిరించడానికి సంఘమే పెట్టుకొన్నారు. చార్లెస్ డికెన్స్ తన పత్రికలో వారిని దుమ్మెత్తిపోశాడు, మార్క్స్ తన 'పెట్టుబడి'లో వారి సంగతి ఎత్తాడు. అంతకు పదేళ్లు ముందే, 1845లో, ఎంగెల్స్ ఇటువంటి చావులకు సాంఘిక హత్య అన్న పేరు పెట్టాడు. కత్తి ఎవరి చేతిలోనూ కనబడదు కనుక హత్య కాదనుకోవడం ఎంత పొరపాటో ఆయన వివరించాడు. మన విద్యార్థులు ఈ గ్రంథాలు చదువుతున్నారు, సంతోషం. ఆ చదివే గదికి ఎదురుగా లేస్తున్న పరంజాను కూడా చదవాలి.

ఇక మన రచయితల సంగతి. తాజమహలును గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్న తెలుగులో కంఠతా రానివారు లేరు. దాన్ని సభల్లో వల్లించి చప్పట్లు కొట్టించుకోవడం ఒక ఆచారంగా మారింది. ఈనాటి కట్టడం ముందు నిలబడి ఆ ప్రశ్నను ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోయేవారే తక్కువ. కూలీ ఎవరో అడిగి ఊరుకోక, ఎక్కడనుంచి పడ్డాడు, అక్కడ ఏది ఉండవలసింది, దాన్ని వద్దన్న సంతకం ఎవరిది అని అడగాలి. మన కథల్లో భవన కార్మికుడు మొదటి పేరాలో పడిపోతాడు. తక్కిన కథంతా భార్య ఏడవడానికీ, పిల్లవాడు బడి మానడానికీ, రచయిత కరుణ ప్రవహించడానికీ. ఆ చావు కథకు ముడిసరుకు అవుతున్నది, కథావస్తువు కావడంలేదు. పేదరికం మీద జాలిపడే కథలో కూడా 'కాలుజారి' అన్న మాటే ఉంటే, ఆ రచయిత సూపర్వైజరు వ్రాయించిన కాగితానికి దస్తూరి మార్చి నకలు తీసినట్లే. అతని కన్నీరు నిజమైనదే కావచ్చు. పోట్ల అద్దె ఎంతో కనుక్కోవడం కన్నీటికంటె కష్టమైన పని.

ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగే విద్యార్థులకు నేను దూరపు ఊళ్లు చెప్పను. నేను పాఠం చెప్పే కళాశాలలోనే కొత్త గ్రంథాలయ భవనం లేస్తున్నది. పైన చెప్పిన ముసలామె అక్కడిదే. లిఫ్టు గుంతకు కంచె, అంచులకు అడ్డకట్లు, వైర్లకు ప్లగ్గులు కావాలని మేము కొందరం ఉపాధ్యాయులం అర్జీ వ్రాశాం. అది కాంట్రాక్టరు చూసుకోవలసిన విషయమని, కళాశాలకు సంబంధం లేదని జవాబు వచ్చింది. యజమాని అన్న మాటకు 1996 చట్టం అర్థం చెప్పినప్పుడు స్వంతదారుని మొదట పేర్కొని, ఆ తరువాతనే కాంట్రాక్టరును చేర్చింది. కొత్త కోడు అంతిమంగా అదుపు ఎవరిదో వారిని యజమాని అంటున్నది. ఆ మాటలు ఎత్తి వ్రాసి అర్జీని మళ్లీ పంపాం. ఇన్‌స్పెక్టరు కార్యాలయానికి ఒక ప్రతి పంపి రసీదు తీసుకొన్నాం. గుంతకు రెండు కర్రలు అడ్డంగా వచ్చాయి. తక్కినవి రాలేదు.

విద్యార్థులు మాత్రం నేను అనుకొన్నదానికంటె మంచి పని చేశారు. హాస్టలు కిటికీలోనుంచి చూస్తూ ఒక నోటుపుస్తకంలో తేదీలు వేస్తున్నారు: శ్లాబు పోసిన తేదీ, పోట్లు విప్పిన తేదీ, ఆనాడు కింద ఉన్న మనుషుల లెక్క. రెండవ శ్లాబు అయిదు మీటర్ల నిడివిది, 14 దినాలుండాలి, ఆరవనాడు విప్పారు. ఆ పేజీ నకలు మేస్త్రీకీ, కాంట్రాక్టరుకూ, ప్రిన్సిపాలుకూ ఇచ్చారు. మేస్త్రీ చదివించుకొని, తన మనుషులకు వినిపించాడట. పోయిన సోమవారం మూడవ శ్లాబు పోశారు. నిన్న కొందరు పోట్లు విప్పడానికి వస్తే, తేదీ కాలేదని సెంట్రింగువాళ్లు వెనక్కి పంపించారు.